మా పికప్‌కి కొండ టైర్లు వేయించుకున్న కథ: నా అనుభవం

మాది శ్రీకాకుళం జిల్లా, మందస దగ్గర పల్లె. జీడి పిక్కల వ్యాపారం. పెద్ద ఎత్తున ఏమీ కాదు, మార్చి నుంచి జూన్ దాకా కొండ మీది సవర గూడేల్లో పిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకి వేస్తాను, మిగతా నెలల్లో పనస, అనాస, పసుపు, కొండ చీపుర్లు, ఏది చేతికొస్తే అది. నాలుగేళ్ల కిందట టెక్కలిలో ఒక కాంట్రాక్టర్ దగ్గర పాత పికప్ కొన్నాను. డబుల్ క్యాబ్, వెనక బాడీ, ఫోర్ వీల్, 15 అంగుళాల రిమ్ములు. కొనేటప్పుడు ఇంజిన్ చూశాను, ఛాసిస్ కింద దూరి చూశాను, ఫోర్ వీల్ లివర్ పడుతోందో లేదో చూశాను. టైర్లు మాత్రం నల్లగా ఉన్నాయి, బటన్లు, అంటే నేలకి ఆనే రబ్బరు గడ్డలు, లోతుగా ఉన్నాయి కదా అని వదిలేశాను.

ఆ వదిలేసిన దాని గురించే ఇదంతా రాస్తున్నాను, ఎందుకంటే మా వైపు కొండలకి పికప్పులు తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అందరూ టైరు కొనేటప్పుడు బటన్లే చూస్తున్నారు.

2025 జూన్ రెండో వారం. సీజన్ అయిపోవస్తోంది, ఆఖరి లోడు. ఎనిమిది బస్తాలు, బస్తా 80 కిలోలు, మా పిక్కల లెక్క అంతే కదా. ముందురోజు రాత్రి వాన పడింది. గూడెం నుంచి దిగి గెడ్డ, అంటే కొండవాగు, దాటాక మామూలు దారి కోసుకుపోయి ఉంది, అందుకని పక్కనున్న పాత పోడు చేనులోంచి పోనిచ్చాను. పోడు కొట్టినచోట మోడులుంటాయని తెలుసు, ముందు చక్రాలకి చూసుకుంటూనే నడిపాను. వెనక ఎడమ టైరు ఒక వెదురు మోడుకి రాసుకుంది. కత్తితో ఏటవాలుగా నరికిన మోడు, మొన బల్లెంలా ఉంటుంది. పెద్ద చప్పుడేమీ రాలేదు. బస్తా కుట్టు తెగి పిక్కలు జారుతుంటే వస్తుందే, అలాంటి సన్నని చప్పుడు, ఆ తర్వాత బండి ఆ మూలకి నెమ్మదిగా కూర్చుంది.

జాకీ పెడితే బురదలోకి దిగిపోతోంది. గూడెం నుంచి నలుగురు వచ్చి ఎనిమిది బస్తాలూ దింపి, గెడ్డలోంచి ఒక పలక రాయి మోసుకొచ్చి జాకీ కింద పెడితే అప్పుడు లేచింది బండి. స్టెప్నీ చూస్తే అందులో సగం గాలే ఉంది. మళ్లీ బస్తాలెక్కించి, నడక వేగంతో రోడ్డు మీదికి వచ్చేసరికి చీకటి పడిపోయింది. వాళ్లలో ఒక తాత నా కోసం మోకాలిలోతు నీళ్లలో రాయి మోశాడు. ఆ రోజే అనుకున్నాను, దీన్ని ఈసారి సరిగ్గా తెలుసుకుని చెయ్యాలని.

మర్నాడు పొద్దున్నే కాశీబుగ్గలో మాకు ఎప్పుడూ పంక్చర్లు వేసే మావయ్య దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన టైరు విప్పి, లోపలి నుంచి చెయ్యి పెట్టి, ఆ చీలికలోంచి రెండు వేళ్లు బయటికి పెట్టి చూపించాడు. నా గుండె ఝల్లుమంది. రెండు వేళ్లు అవతలికి వచ్చేశాయి!

“ఇది పంక్చర్ కాదు బాబూ, కోత. సైడుకి ప్యాచ్ నాను ఎయ్యను. ఏస్తే ఊరు సివర దాకా ఎల్తావు, లోడు పడగానే పేల్తాది” అన్నాడు.

“బటన్లు ఇంకా సగం పైనే ఉన్నాయి కదా మావయ్యా.”

“బటన్లతోటి ఏటి పని? నీకు తెగింది ఎక్కడ? ఇక్కడ సూడు.” అని టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కాడు. సైకిల్ ట్యూబులా లోపలికి వెళ్లింది. పక్కనే ఒక లగేజీ ఆటో టైరు ఉంటే దాన్నీ నొక్కి చూపించాడు, అది కదల్లేదు. చిన్న ఆటో టైరు కదల్లేదు, నా పికప్ టైరు కదిలింది.

తర్వాత గుడ్డతో మట్టి తుడిచి టైరు మీద అక్షరాలు చదవమన్నాడు. నేను ఇన్నేళ్లలో సైజు తప్ప ఇంకేమీ చదవలేదు. పి 235/75 ఆర్15 105ఎస్ అని ఉంది. కింద సన్నని అక్షరాల్లో, ట్రెడ్ 2 పాలిస్టర్, 2 స్టీల్, 1 నైలాన్, సైడ్‌వాల్ 2 పాలిస్టర్ అని ఉంది. అంటే నేల మీద ఆనే భాగంలో ఐదు పొరలు, అందులో రెండు స్టీలు. పక్కన రెండే రెండు పొరలు, అదీ దారమే. మన కొండల్లో టైరుకి దెబ్బ తగిలేది పక్కన. రాయి అంచు, మోడు, గెడ్డ ఒడ్డున కోసుకుపోయిన గట్టు, అన్నీ పక్కనే గీస్తాయి. ఇది ఎవరికైనా టైరు దుకాణంలో నిలబడి రెండు నిమిషాల్లో చదువుకోగలిగిన విషయం. రాసి ఉంటుంది, ప్రతి టైరు మీదా రాసి ఉంటుంది.

ఆ ముందున్న ‘పి’ అక్షరం ఏమిటో మావయ్యకీ తెలియలేదు. విశాఖ ఆటోనగర్‌లో టైర్ల గొడౌన్‌లో పనిచేసే మా బావమరిదికి ఫోన్ చేశాను. వాడు ఒక్కటే అడిగాడు, “బావా, నీ బండి లోడుతో కాటా వేయించావా ఎప్పుడైనా? మొత్తం కాదు, వెనక చక్రాలు విడిగా?”

పిక్కలు రోజూ కాటా వేస్తాం, బండిని మాత్రం ఎప్పుడూ వేయలేదు. ఆ వారంలోనే ఎనిమిది ఉప్పు బస్తాలు అదే బరువుకి సర్ది, ఇద్దరం కూర్చుని, హైవే పక్కనున్న వేబ్రిడ్జికి వెళ్లాం. మొదట బండి మొత్తం ఎక్కించి తూచాం, తర్వాత ముందు చక్రాలు ప్లాట్‌ఫాం దాటించి వెనక చక్రాలు మాత్రం ఉంచి తూచాం. వేబ్రిడ్జి కుర్రాడికి ఇదేమిటో అర్థం కాలేదు గానీ రెండు చీటీలూ ఇచ్చాడు. మొత్తం 2,640 కిలోలు. అందులో వెనక చక్రాల మీద 1,580. అంటే ఒక్కో వెనక టైరు మీద 790.

ఇప్పుడు ఆ 105 అన్న అంకె సంగతి. అది బరువు కాదు, బరువు పట్టికలో వరస నంబరు. 100 అంటే 800 కిలోలు, 101 అంటే 825, 104 అంటే 900, 105 అంటే 925, 109 అంటే 1,030. చివరన ఉన్న అక్షరం వేగానిది, ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్లు, మన దారులకి దానితో పని లేదు. సరే, 925 మోసే టైరు మీద 790 ఉంది, ఇంకేం, బాగానే ఉందిగా అనుకున్నాను. బావమరిది ఫోన్‌లోనే ఆపాడు. ‘పి’ అంటే పాసింజర్ రకం, కార్లకీ జీపులకీ ఉద్దేశించినది. దాన్ని లోడు మోసే ట్రక్కుకి వేస్తే అమెరికా టైరు ప్రమాణాల్లో ఆ బరువుని 1.10తో భాగించి చూస్తారట, ఎందుకంటే ట్రక్కు ఊగుతుంది, లోడు పక్కలకి వాలుతుంది, గుంటల్లో పడుతుంది. 925ని 1.10తో భాగిస్తే 841. అదీ గాలి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే. నేను కొండ మీద కుదుపు తక్కువగా ఉంటుందని 30 పెట్టేవాణ్ణి! గాలి తగ్గితే టైరు మోయగల బరువు కూడా తగ్గిపోతుంది. పైగా ఎగువకి ఎక్కుతున్నప్పుడు బరువంతా వెనక్కి వస్తుంది. ఒక్కోసారి సంతకి వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు వెనక బస్తాల మీద కూర్చునేవారు. అంటే నాలుగేళ్లుగా ఆ రెండు వెనక టైర్లూ మోయగలిగినంతా, దాని పైన కూడా మోశాయి. సైడు ఎందుకంత మెత్తబడిందో అప్పుడు అర్థమైంది. మోడు అన్నది చివరి దెబ్బ మాత్రమే.

ఆ తర్వాత ఏ టైరు కొనాలా అన్న వెతుకులాట. ఇది రెండు నెలలు పట్టింది.

మొదట నా మనసు పెద్ద బటన్ల టైర్ల మీదికి పోయింది. మడ్ టెర్రెయిన్ అంటారు, ఎంటీ. బటన్ల మధ్య వేలు పట్టేంత సందు, బురదని విదిల్చేస్తుంది, చూడటానికి ట్రాక్టర్ టైరులా ఉంటుంది. మా పక్క ఊరి కుర్రాడి జీపుకి ఉన్నాయి. ఇంట్లో ఈ మాట అంటే మా ఆవిడ ఏమీ అనకుండా ట్రిప్పుల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. డీజిలు లెక్క కోసం ప్రతి ట్రిప్పుకీ మీటర్ అంకె రాస్తుంది తను. “ఏటండీ, మన బండి ఎక్కువ తిరిగీది ఎక్కడో ముందు చూడండి” అంది. ఇద్దరం కూర్చుని సంవత్సరానికి కూడాం. మొత్తం తిరిగిన కిలోమీటర్లలో కొండ దారులూ, తోటల్లో ఇసుక దారులూ కలిపి నాలుగో వంతు కూడా లేవు. మిగతాదంతా తారు రోడ్డు, అందులోనూ ఎక్కువ భాగం పలాస, టెక్కలి, శ్రీకాకుళం మధ్య 16వ నంబరు జాతీయ రహదారి. నా మనసులో మాత్రం నేను రోజంతా కొండ మీదే తిరుగుతున్నట్టు ఉండేది, ఎందుకంటే కష్టం గుర్తుంటుంది, హైవే గుర్తుండదు.

ఎంటీ టైర్లు తారు మీద హోరుమంటాయి, త్వరగా అరుగుతాయి. అంతకంటే నన్ను ఆపింది ఇంకోటి. బటన్లు పెద్దవీ, సందులు పెద్దవీ అయితే నేలకి ఆనే రబ్బరు తక్కువ, తడి తారు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది. వానలో హైవే మీద లారీల మధ్య, వెనక అరటన్నుకి పైగా లోడుతో, బ్రేకు వేస్తే బండి నిలబడాలి నాకు. కాబట్టి ఆల్ టెర్రెయిన్, ఏటీ, అంటే తారుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే రకం. సంవత్సరమంతా బురదలోనే ఉండేవాళ్లకి, క్వారీల్లో తిరిగేవాళ్లకి ఎంటీ సరే. నాలాంటి వాళ్లకి ఏటీ చాలు అని నా గట్టి అభిప్రాయం.

రెండో ఆశ, సైజు పెంచడం. శ్రీకాకుళంలో ఒక దుకాణంలో 31 అంగుళాల టైరు, అదే 15 రిమ్ముకి వచ్చేది, బాగా ఎక్కించి చెప్పారు. బండి ఎత్తు పెరుగుతుంది, రాళ్లు కింద తగలవు అన్నారు. కాగితం మీద లెక్క వేసుకున్నాను. నాది 235 వెడల్పు, అందులో 75 శాతం పక్క ఎత్తు, అంటే 176 మిల్లీమీటర్లు, పైనా కిందా రెండూ, మధ్యలో రిమ్ము 381, మొత్తం 733. 31 అంగుళాలంటే 787. దాదాపు 7 శాతం పెద్దది. దానికి బండి లేచేది 27 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం. ఆ అంగుళానికి బదులు మీటర్ 60 చూపించినప్పుడు నిజంగా 64 వెళ్తాం, అది పర్వాలేదనుకున్నా, ఎత్తు ఎక్కేటప్పుడు ఫస్ట్ గేరు లాగే బలం ఆ 7 శాతమూ తగ్గుతుంది. మా గూడెం ఎగువ మలుపులో ఫస్ట్ గేరులోనే బండి మూలుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకి రాసుకునే సమస్య వేరే. కంపెనీ ఇచ్చిన సైజుకే ఉండిపోయాను.

ఇంక మిగిలింది అసలు విషయం, హెవీ డ్యూటీ అంటే ఏమిటన్నది. అదే సైజులో ముందు ‘ఎల్‌టి’ అని ఉన్న టైరు వస్తుంది, లైట్ ట్రక్ రకం. ఎల్‌టి 235/75 ఆర్15 104/101, 6 పీఆర్. మొదట చూస్తే వింతగా ఉంటుంది, నా పాత టైరు 105, ఇది 104, అంటే తక్కువేగా అని. దుకాణాల్లో కూడా ఇద్దరు నాకు అలాగే చెప్పారు. కానీ ఈ 104కి 1.10తో భాగించే పని లేదు, ట్రక్కు కోసమే కట్టిన టైరు కాబట్టి 900 కిలోలంటే 900 కిలోలే. పక్కన ఉన్న 101 అంటే 825, అది వెనక జంట టైర్లు వేసే బండ్లకి, మనకి అక్కర్లేదు. కాకపోతే ఆ 900 మోయాలంటే గాలి 50 ఉండాలి. ఎల్‌టి టైరు కొని పాత అలవాటు ప్రకారం 30, 35 పెట్టి లోడు వేస్తే ఆ టైరు బలం మనకి రానే రాదు, పైగా పక్కలు వేడెక్కి పాడవుతాయి. బలం టైరులో సగం, గాలిలో సగం. ఇది నాకు ఏ దుకాణంలోనూ ఎవరూ తమంతట తాము చెప్పలేదు, నేను అడిగితేనే చెప్పారు.

6 పీఆర్ (ప్లై రేటింగ్) అంటే ఆరు పొరలు అనుకుంటాం అందరం. నేనూ అలాగే అనుకున్నాను. పూర్వం నూలు దారంతో టైర్లు కట్టినప్పుడు ఆ అంకె పొరల లెక్కే. ఇప్పుడది బలానికి కొలత మాత్రమే, ఆరు నూలు పొరలకి సమానమైన బలం అని. నిజంగా ఎన్ని పొరలున్నాయో తెలియాలంటే మావయ్య చదివించిన ఆ సన్నని అక్షరాలే చదవాలి. నేను చూసిన ఎల్‌టి టైర్లలో ఒకదానికి పక్కన మూడు పాలిస్టర్ పొరలున్నాయి, మిగతావాటికి రెండే. నాకు తెగింది పక్కన కాబట్టి మూడున్నదాని కోసమే పట్టుబట్టాను.

ఆగస్టులో శ్రీకాకుళంలో అలాంటిదే ఒక దుకాణంలో దొరికింది. ధర కూడా మిగతాచోట్ల కంటే తక్కువ చెప్పారు. కవరు తీయించి టైరు తిప్పి తిప్పి చూస్తే గుండ్రటి గడిలో నాలుగు అంకెలు, 1422. అంటే 2022లో 14వ వారం, ఏప్రిల్ నెల తయారీ. మూడేళ్లు దాటిన సరుకు! అడిగితే, వాడలేదు కదా, కొత్తదే అన్నారు. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. నా బండి ఏడాదికి పెద్దగా తిరగదు, నాకు టైరు అరిగేలోపే పాతబడుతుంది, అలాంటప్పుడు మూడేళ్లు ముందే పోగొట్టుకుని ఎందుకు కొనాలి? వదిలేసి వచ్చేశాను. దయచేసి ఆ నాలుగు అంకెలు చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఐఎస్ఐ గుర్తు కూడా చూడండి, కార్ల టైర్లకి ఐఎస్ 15633, వాణిజ్య వాహనాల టైర్లకి ఐఎస్ 15636 అని పక్కన ఉంటుంది.

అంతలో జీఎస్టీ తగ్గుతుందన్న వార్త వచ్చింది. సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద 28 శాతం కాస్తా 18 అయింది. నేను మాట్లాడుకున్న ధర ఒక్కోటి 10,800, అది పన్ను తగ్గాక 9,956కి వచ్చింది, ఐదు టైర్ల మీద 4,200 పైచిలుకు మిగిలింది. ఆ వాన నెలలు పాత టైర్లతో కొండ ఎక్కకుండా, రోడ్డు సరుకు మాత్రమే వేసుకుని గడిపాను. వ్యాపారం కొంత పోయింది. అయినా పక్కలు మెత్తబడ్డ టైర్లతో గెడ్డలు దాటే ధైర్యం చేయలేదు.

ఐదు ఎందుకు అంటారేమో. వెనక రెండు మార్చుకుంటే చాలు, ముందువి ఇంకా బాగున్నాయి అని చెప్పినవాళ్లున్నారు. మామూలు బండి అయితే సరే. మాది లివర్ వేస్తే ముందూ వెనకా ఇరుసులు ఒకదానికొకటి బిగుసుకుని సమానంగా తిరిగే ఫోర్ వీల్. ముందు అరిగిన టైర్లు, వెనక కొత్తవి ఉంటే చుట్టుకొలత తేడా వస్తుంది, ఒకటి ఎక్కువ తిరగాలి, రెండోది తక్కువ తిరగాలి, తిరగనివ్వదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. బురదలో టైరు జారి సర్దుకుంటుంది గానీ గట్టి నేల మీద సర్దుకోదు. ఒకే రకం, ఒకే సైజు, నాలుగూ ఉండాలి. స్టెప్నీ కూడా అదే ఉంటే ఐదింటినీ వంతులవారీగా తిప్పుకోవచ్చు. ఐదోదానికి మళ్లీ పదివేలా అని ఇంట్లో కాస్త చర్చ జరిగింది, గెడ్డ ఒడ్డున స్టెప్నీ సగం గాలితో బయటపడిన రోజు చెప్పాక ఆగిపోయింది.

బావమరిది వాళ్ల గొడౌన్ ద్వారానే తెప్పించాడు, అన్నీ 2025 తయారీ. బిగింపు శ్రీకాకుళంలో. దగ్గరుండి చేయించుకున్నాను. పాత టైర్లు విప్పాక రిమ్ము అంచులకి తుప్పు పొరలు పొరలుగా ఉంది, ఉప్పుగాలి వల్ల మా తీరంలో ఇది మామూలే. వైరు బ్రష్‌తో గీకించి శుభ్రం చేయించాను, లేకపోతే ట్యూబ్‌లెస్ టైరు అంచు సరిగ్గా కూర్చోదు, గాలి సన్నగా దిగుతూ ఉంటుంది. ఐదింటికీ వాల్వులు కొత్తవి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించి చూడాలి, నేను ఇంటికొచ్చిన మర్నాడు చూస్తే రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. బిల్లు మీద ఐదు టైర్ల సీరియల్ నంబర్లూ రాయించుకున్నాను, వారంటీ అడగాలంటే అవి కావాలి.

మొదటి పది రోజులు నాకు అంత నచ్చలేదు, ఉన్నమాట చెప్పాలి కదా. ఖాళీ బండి చెక్కబండిలా కుదిపేది. హైవే మీద 60 దాటాక సన్నని హోరు. డీజిలు కూడా ఎక్కువే తాగుతోంది, లీటరుకి అర కిలోమీటరు పైన తగ్గిందని మా ఆవిడ పుస్తకం చెప్పింది. కుదుపు సంగతి గాలితో సర్దుకుంది. ఖాళీగా వెళ్లేటప్పుడు నాలుగింటికీ 35. లోడు ఎత్తాక వెనక 45, ముందు అదే 35. దీని కోసం బ్యాటరీకి తగిలించుకునే చిన్న గాలి పంపు ఒకటి, గేజి ఒకటి కొన్నాను, సీటు కిందే ఉంటాయి. గాలి ఎప్పుడూ పొద్దున్న బండి కదపకముందే చూడాలి. ఎండలో యాభై కిలోమీటర్లు తిరిగాక చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అది వేడికి పెరిగింది, ఎక్కువైందని తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. ఉద్దానం వైపు ఇసుక తోటల్లోకి, తిత్లీ తుపానుకి కూలిన చోట మళ్లీ వేసిన జీడి తోటలున్నాయి కదా, అక్కడికి ఖాళీ బండితో వెళ్లాల్సి వస్తే 20కి దించుతాను. టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలినట్టు వెళ్తుంది. బయటికి వచ్చి తారెక్కేముందు మళ్లీ 35 పెట్టాల్సిందే, ఆ 20తో హైవే ఎక్కితే టైరు పక్కలు మాడిపోతాయి.

ఇంకో మార్పు కూడా చేసుకున్నాను. కొండ మీది నుంచి ఎనిమిది కాదు, ఏడు బస్తాలే. హెవీ డ్యూటీ టైరు వేశాక పది ఎత్తొచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. టైరు మారింది గానీ కమాను కట్టలు మారలేదు, ఇరుసు మారలేదు, బ్రేకులు మారలేదు, ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు మారలేదు. పైగా ఇప్పుడు వెనక ఎవరినీ ఎక్కించుకోవడం లేదు. మనుషులైతే క్యాబ్‌లో, ఖాళీ ఉంటేనే.

అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానలకి దారులన్నీ మళ్లీ కోసుకుపోయాయి. తెరిపిచ్చాక పసుపు కోసం మాట్లాడదామని ఖాళీగా ఒకసారి ఎక్కాను. ఎర్రమట్టి బంకలో బటన్లు నిండిపోయి టైరు నున్నగా అయిపోయింది, రెండుచోట్ల జారింది కూడా, అక్కడ ఎంటీ అయితే ఇంకా బాగుండేది, కాదనను. ఫోర్ వీల్ వేసి, సెకండ్ గేరులో తొక్కకుండా మెల్లగా పోనిస్తే ఎక్కింది. తిరిగి వస్తుంటే కంచిలి దాటాక హైవే మీద ముందు లారీ ఒక్కసారిగా బ్రేకేసింది, రోడ్డు తడి. నా బండి తిన్నగా నిలబడింది, వెనక పక్కకి ఊగలేదు.

ఈ మార్చిలో సీజన్ మొదలైంది. పదో ట్రిప్పు అనుకుంటాను, గెడ్డ గట్టు ఎక్కుతుంటే వెనక కుడి టైరు రాయి అంచుకి గట్టిగా గీసుకుంది. లోపల చెయ్యి పెట్టి నలిపినట్టయింది నాకు. దిగి చూస్తే పక్కన రెండంగుళాల గీత, చిన్న రబ్బరు పెళ్ల లేచి ఉంది. గాలి దిగలేదు. ఏడు బస్తాలతో అలాగే కిందికి వచ్చి పలాసలో సరుకు దింపి తిన్నగా మావయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆ పెళ్లని గోటితో ఎత్తి, లోపల టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. బొటనవేలితో నొక్కాడు, లోపలికి వెళ్లలేదు.

“దారం కనపళ్లేదు. రబ్బరే లేసింది. తిరిగీయ్” అని, ఆ గీత రెండు కొసలా సుద్దముక్కతో గీతలు పెట్టాడు. గీత ఈ సుద్ద దాటి పెరిగినా, అక్కడ బుడిపెలా ఉబ్బినా వెంటనే తీసుకురమ్మన్నాడు. పొద్దున్నే గాలి చూసేటప్పుడు అది కూడా చూస్తున్నాను. వానకి సుద్ద చెరిగిపోతుంటే మా ఆవిడ దాని మీద తెల్ల పెయింటు చుక్కలు పెట్టింది. ఇప్పటికి ఇంకా ఆ చుక్కల మధ్యనే ఉంది.